నిలువు తీగ, అడ్డ తీగ

హామ్ రేడియో అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఓపిగ్గా చెప్పే రోజులు నాకు ఎప్పుడో అయిపోయాయి. జగ్గయ్యపేటలో నేను హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పుకునే కాలంలో మా వీధిలో సగం మంది దాన్ని క్రికెట్ కామెంటరీ బాగా వచ్చే రేడియో అనుకునేవాళ్ళు. మిగతా సగం మంది నేనేదో పోలీసులకు తెలియకూడని పని చేస్తున్నాననుకునేవాళ్ళు. నిజానికి ప్రభుత్వమే పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. అది ఉన్నవాళ్ళు సొంతంగా పెట్టె కట్టుకుని షార్ట్‌వేవ్ మీద ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు, అంతే. నోటితో మాట్లాడే పెట్టె కట్టడం నా తాహతుకు మించిన పని. నాది రెండు వాల్వులతో కట్టిన చిన్న పెట్టె, దానికో మీట. మీట నొక్కితే అవతలివాడి చెవిలో కూత వినబడుతుంది. పొట్టి కూత చుక్క, పొడుగు కూత గీత. దాన్నే మోర్సు కోడు అంటారు.

ఆ కోడు నాకు నేర్పింది నందిగామలో తంతి మాస్టారు. డెబ్భైల నడుమ నా ఉద్యోగం నందిగామలో ఉండేది. మేం అద్దెకున్న ఇంటి పక్క వాటాలో ఆయన ఉండేవారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని కాఫీ గ్లాసు మీద చెంచాతో కొట్టేవారు, అది ఏ అక్షరమో నేను చెప్పాలి. తప్పు చెబితే తిట్టేవారు కాదు. నోట్లో చుట్ట తీసి, బూడిద రాల్చి, మళ్ళీ అదే అక్షరం కొట్టేవారు. మా ఆవిడ ఆయన్ని బాబాయి గారూ అని పిలిచేది. వారంలో నాలుగు రోజులు ఆయన భోజనం మా ఇంట్లోనే.

ఆయన ఉద్యోగమంతా జనం మాటలు కోయడమే. టెలిగ్రాముకి మాటకింత అని రుసుం కదా, కోర్టు పని మీద వచ్చిన పల్లెటూరివాళ్ళు పెద్ద కాగితం రాసుకొస్తే ఆయన కలం తీసి, "ఇది తీసెయ్యవయ్యా. ఇదీ తీసెయ్. తమ్ముడికి దీవెనలు ఉత్తరంలో రాసుకో. 'కేసు గెలిచాం' చాలు" అనేవారు. ముప్ఫై ఏళ్ళు అలా ఊళ్ళోవాళ్ళ మాటలు కోసి కోసి, రిటైరయ్యాక నాతోపాటే హామ్ లైసెన్సు తీసుకోగానే ఆయనలో దాక్కున్న వాగుడుకాయ బయటికొచ్చాడు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు. "నిన్నటి గాలివానకి మా దొడ్లో బీరపాదు పందిరితో సహా కూలిపోయిందోయ్ అబ్బాయ్" అని మొత్తం కొట్టేవారు, చివర 'అబ్బాయ్' కూడా మానకుండా.

తర్వాత నాకు జగ్గయ్యపేట బదిలీ అయింది. రెండు ఊళ్ళ మధ్య బస్సులో గంట దూరం. రోజూ పొద్దున ఆరున్నర నుంచి ఏడు దాకా ఇద్దరం పెట్టెల ముందు కూర్చోవాలని మాట అనుకున్నాం. దానికి యాంటెన్నా తీగ కావాలి. తీగ లేనిదే పెట్టె ఎంత గొప్పదైనా మూగదే.

అప్పుడు నేను వేసింది అడ్డ తీగ. మేం మాట్లాడుకునే నలభై మీటర్ల బ్యాండుకి అది సుమారు అరవై ఆరు అడుగుల పొడుగు ఉండాలి. సరిగ్గా నడిమికి కోసి, ఆ కోసిన చోటి నుంచి పెట్టెలోకి వైరు దింపాలి. మోటార్లు చుట్టే షాపు వాణ్ణి వారం రోజులు బతిమాలి రాగి తీగ సంపాదించాను. డాబా పిట్టగోడ నుంచి పెరటి చివర వేపచెట్టు దాకా కట్టాను. ఇద్దరు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడితే అందేంత ఎత్తు, అంతకు మించి లేదు. అలా కిందుగా, అడ్డంగా కట్టిన తీగ మన మాటని నెత్తి మీదకి విసురుతుంది. అది పైకెళ్ళి ఆకాశంలో ఉండే ఒక పొరకి తగిలి, చుట్టుపక్కల నాలుగు జిల్లాల మీద వానలా పడుతుంది. దేశాలు దాటి పోదు గాని నందిగామకి దివ్యంగా సరిపోయింది. మాస్టారి కూతలు పక్క గదిలో నుంచి వచ్చినంత స్పష్టంగా వచ్చేవి. పొయ్యి దగ్గర నుంచి మా ఆవిడ, "బాబాయి గారు ఏమంటున్నారండీ" అని అడిగేది, నేను చెప్పేవాణ్ణి.

ఎనభైలు వచ్చాక మాస్టారి గొంతులో పుండు లేచింది. ఆ చుట్టలు ఊరికే పోతాయా. బెజవాడ తీసుకెళ్ళి ఆపరేషను చేయించారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. నందిగామలోనే మేనల్లుడి ఇంట్లో వెనక గదికి మారారు. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించాలి. ఆయన రాసేదాకా ఆగి చదివే తీరిక ఆ ఇంట్లో ఎవరికి ఉంది. పైగా మాట రాని మనిషికి చెవులు కూడా వినబడవని లోకం నమ్మకం. అందరూ ఆయన మొహంలో మొహం పెట్టి అరిచేవాళ్ళు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, కడుపునిండా మాటలున్న మనిషి, పలక మీద 'మంచినీళ్ళు' అని రాసి, తుడిచి, 'చాలు' అని రాసి బతకాల్సి వచ్చింది.

పెట్టె దగ్గర మాత్రం ఆయనకు ఏమీ కాలేదు. చెయ్యి చెయ్యిలాగే ఉంది. బ్యాండు మీద హాములు చాలామంది ఉన్నా, తెలుగులో కోడు కొట్టేది నాకు తెలిసి మేమిద్దరమే. అంటే రోజు మొత్తంలో ఆయన నిండుగా మాట్లాడగలిగేది ఆ అరగంటే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలియదని ఇప్పుడు చెప్పుకుంటే కాస్త సుఖంగా ఉండేది.

ఆపరేషను తర్వాత రెండుసార్లు వెళ్ళి చూశాను. మెడ కింద చిన్న కన్నం, దాని మీద తడిగుడ్డ, ఊపిరి తీసినప్పుడల్లా గుడ్డ కదులుతుంది. సుద్దముక్క కిరకిరమంటుంటే ఆ అక్షరాల కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. రేడియో మీద మాట్లాడుకుంటున్నాంగా అని మూడోసారి వెళ్ళలేదు.

అవి నేను పూర్తిగా అలిసిపోయిన ఏళ్ళు. స్కూల్లో ఆరు పీరియడ్లు, ఇంటికొస్తే ట్యూషన్లు. జనాభా లెక్కలంటే మాస్టార్లే, ఓటర్ల జాబితా అంటే మాస్టార్లే, కుటుంబ నియంత్రణకి మనుషుల్ని పట్టుకు రావాలన్నా మాస్టార్లే. వీధిలో సున్నపురాయి లారీలు పోయి పోయి, తాగే నీళ్ళ మీద కూడా తెల్లటి పొర. ఎటైనా వెళ్ళిపోవాలని ఉండేది. ఎక్కడికి వెళతాను. బస్సెక్కితే ఇటు కోదాడ, అటు నందిగామ. అందుకని తీగ మీద వెళదామనుకున్నాను.

తీగ ఎంచుకోవడంలో ఉన్న చిక్కు అదే. అడ్డంగా, కిందుగా కడితే ఇరుగుపొరుగు వినబడుతుంది. అదే తీగని నిటారుగా నిలబెడితే మాటని నెత్తి మీదకి పంపదు, నేల బారున దూరానికి తోస్తుంది. దగ్గరివాళ్ళు పోతారు, దేశాలు వస్తాయి. రెండూ కావాలంటే రెండు తీగలుండాలి. నా దగ్గర ఉన్న రాగి ఒక్కదానికే సరిపోతుంది. ఇదంతా పుస్తకంలో ఉంది, చదివాను, దగ్గరివాళ్ళు పోతారన్న వాక్యం కూడా చదివాను. నందిగామ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

పెరటి గోడ అవతల ఎత్తయిన తాడిచెట్టు ఉంది. వేసవి సెలవుల్లో దాని మీద కల్లు గీసే ఆయన్ని బతిమాలాను. ఆయన నడుముకి మోకు వేసుకుని పైకెళ్ళి, అడ్డ తీగలో సగం ముక్కని మట్టల కింద కట్టి దింపాడు. మిగతా సగాన్ని ముక్కలు చేసి చెట్టు మొదట్లో చుట్టూ నేలలో పాతాను. జానెడు తవ్వితే రాయి తగిలే నేల, గడ్డపార పట్టి చేతులు బొబ్బలెక్కాయి. చూస్తూ నిలబడ్డ మా ఆవిడ, "మరి బాబాయి గారో" అంది.

"ఆయన ఎక్కడికి పోతారు, ముప్ఫై కిలోమీటర్లేగా."

"ఏమో. దూరపు కొండలు నునుపంటారు" అని లోపలికెళ్ళింది.

మర్నాడు పొద్దున ఇటలీ వినబడింది. ఆ తర్వాత యుగోస్లావియా. సాయంత్రం జపాను. ఎవరూ చెప్పేదేమీ ఉండదు, నీ కూత ఇంత గట్టిగా వస్తోంది, మా ఊళ్ళో వాన, సెలవు, అంతే. ఆ మాత్రానికే నాకు కాళ్ళలో నొప్పులు పోయినట్టుండేది. సున్నపుదుమ్ములో కూర్చున్న నన్ను ఎవడో సముద్రాల అవతల నుంచి పేరు పెట్టి పలకరించాడని పొంగిపోయేవాణ్ణి.

మాస్టారి కూతలు మాత్రం బాగా సన్నబడిపోయాయి. ఆరున్నరకి నన్ను మూడుసార్లు పిలిచేవారు, అంతవరకు ఎలాగో పోల్చుకునేవాణ్ణి. ఆ తర్వాత కొట్టిందంతా హోరులో మునిగిపోయేది. మొదటి వారం చెవులు రిక్కించి విన్నాను. రెండో వారం, సరిగ్గా అందడం లేదు మాస్టారూ, రేపు చూద్దాం అని కొట్టి ముగించాను. పొద్దెక్కితే ఇటలీ కూడా పోతుంది, ఉన్నది ఆ అరగంటే. మూడో వారం నుంచి జవాబివ్వడం మానేశాను. ఆయన పిలవడం మానలేదు.

ఒకరోజు ఆ వేళకే కలకత్తాలో ఒక హాముతో మాట్లాడుతున్నాను. ఆయన ఇంగ్లీషులో అడిగాడు, మీ పక్కనుంచి ఎవరో గట్టిగా నిన్నే పిలుస్తున్నారు, పలకవేం అని. నేనేం కొట్టానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. పక్క ఊరి ముసలాయన, చెయ్యి పడిపోయింది, అక్షరాలు కలిసిపోతాయి, రోజూ ఇదే గోల అని కొట్టాను. కలకత్తా ఆయన, నాకు ముత్యాల్లా వినబడుతున్నాయే అన్నాడు. నేను మాట మార్చాను.

అంటే తప్పు ఆయన చేతిది కాదు, నా తీగది. సైన్సు మాస్టారిని, నాకు ఒకరు చెప్పాలా. కల్లు గీసే ఆయన దగ్గరికి వెళ్ళాను. అప్పటికే తొలకరి పడింది.

"చినుకు పడ్డాక తాడెక్కనండి నేను" అన్నాడు. "మా అన్న అట్టాగే జారిపడి నడుం ఇరగ్గొట్టుకున్నాడు. మోకు అటకెక్కించేసా. మళ్ళీ చలికాలం ఎల్లాక చూద్దాం."

అది చెప్పుకోవడానికి మంచి సాకు దొరికింది. కింద నుంచి గట్టిగా గుంజితే తీగ తెగి చేతికి వచ్చేదే. గుంజలేదు. గుంజితే ఇటలీ పోతుంది. అలిసిపోయినవాడికి ఏ తప్పయినా విశ్రాంతిలాగే ఉంటుంది. నేనూ అలాగే సరిపెట్టుకున్నాను.

శ్రావణమాసంలో పేరంటానికని మా ఆవిడ నందిగామ వెళ్ళింది. సాయంత్రం బస్సులో తిరిగొచ్చి, వాయనం శనగలు గిన్నెలో పోస్తూ, "బాబాయి గారిని చూసొచ్చానండీ" అంది.

"ఎలా ఉన్నారు?"

"చిక్కిపోయారు. నన్ను చూసి పలక తీసి రాశారు. మీ ఆయన ఇటలీ వాళ్ళతో బాగా మాట్లాడుతున్నాడమ్మా, రోజూ వింటున్నా, అని."

నా చేతిలో శనగలు చేతిలోనే ఉన్నాయి. "వింటున్నారా?"

"వింటున్నారట. అన్నీ అందుతాయట. సన్నగా వస్తాయి గాని పోల్చుకుంటానని రాశారు. ఏవండీ, ఆయనకి మీరు వినబడుతుంటే, మీకు ఆయనెందుకు వినబడరూ?"

చెప్పడానికి జవాబుంది. ముప్ఫై ఏళ్ళు, ఒకపక్క జనం అరుస్తుంటే, ఫ్యాను గిరగిరా తిరుగుతుంటే, ఆ రొదలో నుంచి ఒక్క కూతని ఏరుకుని కాగితం మీద పెట్టిన చెవులవి. నావి ఆరు పీరియడ్లు అరిచి అరిచి అలిసిపోయిన చెవులు. కాని నా బుర్రలో అది లేదు. చెయ్యి పడిపోయింది, రోజూ ఇదే గోల. ఆ మాటలు నందిగామలో వెనక గదిలో కూర్చుని ఆయన విన్నారు. విని మర్నాడు పొద్దున ఆరున్నరకి మళ్ళీ నన్ను పిలిచారు. ఆవిడకి అంతా చెప్పేశాను, కలకత్తా మాటతో సహా.

ఆవిడ శనగల గిన్నె పక్కన పెట్టింది. తర్వాత, "ఇటలీ వాడు ఎప్పుడైనా మిమ్మల్ని అన్నం తిన్నావా అని అడిగాడా?" అంది. నేను తలొంచుకున్నాను.

"ఇప్పుడేం చెయ్యాలి మరి?"

"అడ్డ తీగ వెయ్యాలి. రాగి లేదు. ఉన్నది చెట్టు మీద."

"తీగే కావాలంటే దండెం లేదూ" అని పెరట్లోకి చూపించింది.

నవ్వబోయి ఆగిపోయాను. వంటింటి గోడ మేకు నుంచి వేపచెట్టు దాకా బట్టలారేసుకునే ఇనప తీగ, ఆవిడదే. చేతికి అందేంత ఎత్తులో ఉంది. కొలిస్తే నలభై అడుగులకి కాస్త తక్కువ. మరీ కిందుగా ఉన్న తీగ సత్తువలో సగం నేలే తాగేస్తుంది, నిజమే. మిగిలిన సగం మాత్రం తిన్నగా నెత్తి మీదకే పోతుంది. నందిగామకి కావాల్సింది అదే. ఇద్దరం చీకటి పడేలోగా బట్టలు తీసేసి, దండేన్ని నడిమికి కోశాం. మధ్యలో ఒక పింగాణీ ముక్క పెట్టి బిగించాను. రెండు కొసలకీ పాత కరెంటు వైరు ముక్కలు అతికి పొడుగు సరిచేశాను. ఒక కొస వంటింటి గోడ మలుపు తిరిగి జామచెట్టుకి చేరింది. అంత వికారమైన యాంటెన్నా నేనెక్కడా చూడలేదు.

మర్నాడు ఆరుంబావుకే కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆరున్నరకి నన్ను మూడుసార్లు పిలిచారు. గట్టిగా, విడివిడిగా, ఒక్కో అక్షరం ముత్యంలా వినబడింది. నేను మీట అందుకునేలోపే మళ్ళీ కొట్టడం మొదలుపెట్టారు. ఆయన ఆగలేదు. జవాబు వస్తుందని ఎదురుచూడకుండానే రోజూ కొట్టేవారని అప్పుడు తెలిసింది.

"వినబడితే విను, లేకపోతే లేదోయ్. రెండ్రోజులై ముసురు. నిన్న మీ ఆవిడ వచ్చి వెళ్ళింది, ఆ పిల్ల చేతి పులిహోర ఈసారి తేలేదు. ఆ పిల్ల అటు వెళ్ళగానే మా పలక కిందపడి పగిలింది. ఇంట్లోవాళ్ళకి హాయిగా ఉంది అబ్బాయ్."

మా ఆవిడకి చదివి చెప్పాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. నేను మీట మీద చెయ్యి వేశాను. మాస్టారూ, మీరు వినబడుతున్నారు, అని కొట్టాను.

అటు నుంచి జవాబు వచ్చింది.

"అయితే నా చెయ్యి బాగైనట్టుందోయ్."

దాని వెనకే నాలుగు చుక్కలు, రెండు చుక్కలు. హాముల కోడులో అది నవ్వు. గొంతు లేని మనిషి నవ్వడం అలా విన్నాను.

నేను కొట్టడం మొదలుపెట్టాను. మాస్టారూ, ఆ రోజు నేను కలకత్తా ఆయనతో అన్న మాట మీరు విన్నారని నాకు తెలుసు, అది అబద్ధం, తప్పు నా తీగది, తెలిసీ దింపలేదు, మీరు రోజూ పిలుస్తుంటే తెలిసీ పలకలేదు, నాకు ఒంట్లోనూ మనసులోనూ ఓపిక లేక... ఇంకా ఏమేమో కొట్టాను. తొందరలో నిజంగానే నా అక్షరాలు కలిసిపోయాయి. ఆయన ఆపలేదు, చివరిదాకా విన్నారు. పూర్తయ్యాక నిదానంగా, కోర్టు పని మీద వచ్చిన పల్లెటూరివాడితో చెప్పినట్టు కొట్టారు.

"తీసెయ్యవయ్యా అదంతా. 'వినబడింది' చాలు."

మళ్ళీ ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు. ఏ తీగ వేశావని అడిగారు, దండెమని చెబితే ఇంకోసారి నాలుగు చుక్కలూ రెండు చుక్కలూ కొట్టారు. తడిబట్టలు పడితే యాంటెన్నా లెక్క తప్పుతుంది, అందుకని ఏడు దాకా దండెం మీద ఏమీ వెయ్యొద్దని మా ఆవిడకి చెప్పాను. చెప్పాల్సిన పని లేకపోయింది. తెల్లారకుండా ఉతికి పిండిన బట్టలు బకెట్లో వేసుకుని, వంటింటి గుమ్మంలో కూర్చుని, "ఏమంటున్నారండీ" అని అడుగుతూ ఉండేది. ఏడింటికి ఆయన సెలవు చెప్పాక లేచి ఆరేసేది. చలికాలం వెళ్ళాక కల్లు గీసే ఆయన తాడిచెట్టు మీది తీగ దింపి ఇచ్చాడు. ఆ రాగి పనికొస్తుందని చుట్టి అటక మీద పెట్టాను గాని మళ్ళీ తియ్యలేదు. ఇటలీ వాళ్ళు నా కోసం బెంగ పెట్టుకున్న దాఖలాలేమీ లేవు.

అలా మూడేళ్ళు నడిచింది. మూడో ఏడు చివర్లో ఒకరోజు ఆరున్నరకి పిలుపు రాలేదు. ఏడు దాకా కూర్చుని, స్కూలుకి సెలవు చీటీ పంపి, ఇద్దరం నందిగామ బస్సెక్కాం. ఆయన తెల్లవారుజామునే పోయారు.

ఆ తర్వాత కూడా మా ఆవిడ ఏడింటి దాకా తడిబట్టల బకెట్టు పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. నేనూ పెట్టె ముందు కూర్చునేవాణ్ణి. పెద్దకర్మకి వెళ్ళొచ్చిన మర్నాడు, ఏడు దాకా ఆగకుండా, ఆరున్నరకే పెట్టె ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్ళాను. బకెట్లో పైనున్న నా చొక్కా తీసి, దులిపి, దండెం మీద ఆరేశాను.